ఆడదా మగదా అని ముందు అడిగే మా ఆడబిడ్డ

మొన్న వానకాలం చివర్లో ఒక బుధవారం నాడు, జోగిపేట దాటిన తరువాత, కారు వెనక సీట్లో నా భుజం మీద తల పెట్టుకుని మా ఆడబిడ్డ పోయింది. పోయిందని నాకు వెంటనే తెలియలేదు. నిద్ర పట్టింది, మంచిదే అనుకున్నాను. ఆ నిద్ర చెడకుండా గుంతలు చూసి నడపమని డ్రైవరును రెండుసార్లు కసిరాను కూడా. సంగారెడ్డిలో దవాఖాన మెట్ల దగ్గర స్ట్రెచర్ తెచ్చిన మనిషి ఆమె చెయ్యి పట్టి చూసి, "ఎంతసేపైంది అమ్మా?" అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు ప్రశ్నలు వేసి జీతం తీసుకున్నదాన్ని. ఆ ప్రశ్న అర్థం కావడానికి నాకు చాలాసేపు పట్టింది.

పోయినవాళ్ళ గురించి రాసేవాళ్ళంతా పోయినవాళ్ళు దేవతలని రాస్తారు. మా ఆడబిడ్డ దేవత కాదు, ఆడబిడ్డ. ఆ రెండూ ఒక మనిషిలో ఉండవని పెళ్ళైన ఆడవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. అరవై మూడేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, ఊళ్ళో ఆమె పేరు చెక్కిన బల్ల ఒక్కటి కూడా లేదు. ఆమె చేసిన పని ఏమిటో నారాయణఖేడ్‌లో ముగ్గురికో నలుగురికో తెలుసు. వాళ్ళలో నేను ఒకదాన్ని. తెలిసి కూడా ఏమీ చేయలేకపోయినదాన్ని కూడా నేనే. అందుకని రాస్తున్నాను.

నేను కోడలిగా వచ్చేనాటికి ఆమె లంగా ఓణీ వేసుకునే పిల్ల. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకునేది. సెలవులకు వచ్చి, కొత్త పెళ్ళికూతురినని చూడకుండా, పెరట్లో మా కోడి ఒకటి చచ్చిపోతే దాన్ని నా ముందే కోసి లోపల ఏముందో చూపించింది. "ఇది పెట్ట వదినె. ఇగో గుడ్ల సంచి. పుంజుకు ఇది ఉండది" అంది. పెళ్ళైన తొమ్మిదో రోజున నాకు ఆ ఇంట్లో జరిగిన మర్యాద అది. అప్పుడు నేను మొహం తిప్పుకున్నాను. ఆ తరువాత నలభై ఐదేళ్ళూ ఆమె ఏదో ఒకటి విప్పి చూపిస్తూనే ఉంది, నేను మొహం తిప్పుకుంటూనే ఉన్నాను.

డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చేరింది. సైంటిస్టు కాదు. సైంటిస్టులు చెప్పిన పనిని చేతులతో చేసే మనిషి. ముక్కలు కోయడం, నూరడం, కొలవడం, కడగడం. చాలా ఏళ్ళు ఎలుకలతో గడిచింది. రెండువేల ఒకటి తరువాత, రిటైరు కావడానికి కొన్నేళ్ళు ఉందనగా, వాళ్ళ ల్యాబుకు ఒక కొత్త జంతువు వచ్చింది. జంతువు అంటే జంతువు రాలేదు. దాని కాలేయం, కండ, కొవ్వు, చిటికెన వేలంత గొట్టాల్లో, పొగలు కక్కే మంచు నింపిన థర్మాకోల్ డబ్బాలో, భూగోళం నెత్తి మీద ఉండే దేశం నుంచి వచ్చాయి.

ఆ ఏడు క్రిస్మస్‌కు వచ్చినప్పుడు ఆ జంతువు ఫొటో తెచ్చింది. కస్తూరి ఎద్దు అని దాని పేరట. నేల దాకా వేలాడే జుట్టు, నుదుటి మీద పాపిడి తీసినట్టు రెండు కొమ్ములు, చుట్టూ మంచు. మా ఆయన ఫొటోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, "ఏంది చెల్లె, గొంగడి కప్పుకున్న బర్రె లెక్కుంది" అన్నాడు. అది బర్రె కాదనీ, ఎద్దు అని పేరే గానీ ఎద్దు కూడా కాదనీ, లెక్క ప్రకారం మేకలకూ గొర్రెలకూ చుట్టమనీ, మనలా కాకుండా మేసి నెమరేసే జంతువనీ ఆమె చాలాసేపు చెప్పింది. ఆయన అంతా విని, "అయితే గొంగడి ఆ చుట్టాలదే" అన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు మంచుబర్రె. ఆ జంతువు ఉండే చోటును నేను పటంలో చూపించగలను, సోషల్ టీచరును కదా. అంతకు మించి నాకు తెలిసినదంతా ఆమె చెప్పిందే.

ఆమె చేసే పని ఏమిటంటే, ఆ జంతువుల్లో ఆడదాని ఒంట్లోనూ మగదాని ఒంట్లోనూ ప్రోటీన్లు ఎక్కడెక్కడ తేడాగా ఉన్నాయో చూడడం. ప్రోటీన్ అంటే పప్పులో ఉండేదని మనకు తెలుసు. ఒంట్లో ప్రతి పనీ చేసే కూలీలు అవేనని ఆమె చెప్పేది. కాలేయంలో ఒక ముఠా, కండలో ఒక ముఠా, కొవ్వులో ఒక ముఠా. ఆడదైనా మగదైనా అవయవం ఒకటే కదా, ముఠా ఒకటే ఉండాలి కదా అని నేను వాదించాను. ఆమె నా వంటింటి డబ్బాలు చూపించింది. "నువ్వున్నప్పుడు గీ డబ్బాలు ఎట్లుంటయి, అన్న వంట చేస్తే ఎట్లుంటయి? డబ్బాలు గవ్వే, లోపల సరుకు గంతనే ఉంటదా?" మా ఆయన వంట చేసిన మరునాడు నా కారం డబ్బా ఎలా ఉంటుందో నాకు తెలుసు గనక ఇంక వాదించలేదు.

అక్కడ నెలల తరబడి పొద్దు పొడవదట. గడ్డి మంచు కింద ఉంటుంది. ఆడది కడుపులో దూడను పెట్టుకుని ఆ చలికాలమంతా తన కొవ్వు మీద తాను బతుకుతుంది. మగది చలి రాకముందే ఇంకో మగదానితో తల బాదుకుని, ఉన్న బలమంతా అక్కడే పోగొట్టుకుంటుంది. చలి ఒకటే, ఆకలి ఒకటే, దాన్ని ఓర్చుకునే తీరు వేరు అని ఆమె అంది. ఇది తెలుసుకోవడానికి అంత దూరం నుంచి డబ్బాలు తెప్పించాలా, మా బజారుకు వస్తే చాలదా అన్నాను. నవ్వింది. నా మాటలకు ఎప్పుడూ నవ్వేది. ఆ నవ్వు గురించి కూడా చివర చెప్పాల్సి ఉంది.

ల్యాబులో మొదట్లో ఆడా మగా ముక్కలు కలిపి నూరేవారట. పదార్థం తక్కువ, ఖరీదు ఎక్కువ, కలిపితే పని జల్దీ అవుతుంది. పెద్ద సారు చెప్పింది అదే. ఈమె నాలుగు రోజులు నూరి, ఐదో రోజు ఆయన గదిలోకి వెళ్ళి చెప్పిందట: "కలిపి నూరితే సగటు జంతువు వస్తది సార్. ఆ సగటు జంతువు ఏ మంచుల తిరుగది." ఆయన ఏమన్నాడని అడిగాను. కళ్ళజోడు తుడుచుకున్నాడట. తరువాత సెలవు రోజుల్లో వెళ్ళి ఆడవి వేరుగా, మగవి వేరుగా నూరి, పలచటి జున్ను పలకలాంటి దాని మీద నడిపించి, నీలిరంగు పట్టించి, ఆ పలకలు రెండూ ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టిందట. నీలి గీతలు ఒక దాంట్లో లావుగా ఉన్న చోట ఇంకో దాంట్లో సన్నగా ఉన్నాయట. మరునాటి నుంచి కలపడం మానేశారు.

ఇంకోసారి వచ్చిన డబ్బాలో ఒక గొట్టం మీద ఆడదో మగదో గుర్తు లేదు. అన్నీ ఉన్నాయి, ఆ గడి ఒక్కటే ఖాళీ. అంత దూరం నుంచి, అంత ఖర్చుతో వచ్చిన ముక్క. ఈమె దాన్ని ముట్టనంది. సారు కోప్పడ్డాడట. ఎవరిదో తెలియని ముక్క ఎంత చక్కగా నూరినా అది చెప్పేది ఎవరి గురించో తెలియదు కదా అని, దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ చలిపెట్టెలో పెట్టేసింది. తరువాత వేరే పరీక్ష ఏదో చేసి తేల్చారట, అందాక ఆ గొట్టం అలాగే ఉంది. తన కింద కొత్తగా చేరే పిల్లలకు ఆమె మొదటి రోజు చెప్పే మాట ఇదే: "ముందు ఆడదా మగదా రాయి. పేరు తర్వాత రాస్తువు."

ఆ పని అచ్చైన రోజున కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఈమె పేరు ఎక్కడా అని వెతికాను. చిట్టచివర, చీమల్లాంటి అక్షరాల్లో, ధన్యవాదాలు చెప్పినచోట ఉంది. పెళ్ళిపత్రికలో అడుగున బంధుమిత్రుల అభినందనలతో అన్నట్టుంది అన్నాను. దానికీ నవ్వింది. కానీ ఆ పేజీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ థర్మాకోల్ డబ్బాలోనే దాచుకుంది. రిటైరయ్యాక ట్రంకుపెట్టె కంటే ముందు ఆ డబ్బానే మా ఇంటికి చేరింది.

మా వెనక గది ఆమెకిచ్చాం. ఇచ్చాం అనకూడదు, ఆమె వాళ్ళ నాన్న కట్టిన ఇల్లే. ఆమె ఇంట్లో అడుగుపెట్టిన నెలలోపు ప్రతి వస్తువు మీదా పెన్సిలు గుర్తులు పడ్డాయి. సున్నాకు బాణం తగిలిస్తే మగ, కింద సిలువ గీస్తే ఆడ. మా ఆయన మాత్రల డబ్బా మీద బాణం, నా దాని మీద సిలువ. తువ్వాళ్ళ తీగ మీద కూడా. పక్కింటావిడ ఒకరోజు వచ్చి చూసి, సిలువ అయితే సరే గానీ ఆ బాణాలేంటి, ఎవరైనా ఏమైనా చేయించారా అని నన్ను చాటుకు పిలిచి అడిగింది. మా ఆడబిడ్డ చేయించిందని చెప్పాను. ఆవిడ నిజమేననుకుని వారం రోజులు మా ఇంట్లో చాయ్ తాగలేదు. నాకు పాలు మిగిలాయి.

ఆదివారం చర్చి నుంచి వస్తూ కటిక దుకాణం దగ్గర ఆగడం ఆమెకు రెండో ప్రార్థన. మా వైపు అందరికీ పోతు మాంసమే కావాలి. వేలాడదీసిన యాట, అంటే మేకో గొర్రో, మగదని నమ్మించడానికి గుర్తుగా దాని వృషణాన్ని కూడా అలాగే ఉంచుతారు. ఊరు ఊరంతా పోతు కోసం కొట్లాడుతుంటే, ఈమె ఒక్కతే వెళ్ళి ఆడదాని కార్జం ఒక పావు, మగదాని కార్జం ఒక పావు, విడివిడిగా కట్టమనేది. కార్జమంటే కాలేయం. దుకాణమతను మొదటిసారి కత్తి పక్కన పెట్టి, "అమ్మా, కూర వండుతవా, సంబంధం చూస్తున్నవా?" అని అడిగాడు. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వి, రెండూ ఒకే జాతివేనా అని అడిగింది. ప్లాస్టిక్ సంచి మీద పెన్సిలు రాయదని పాత పేపర్లో కట్టించేది. కట్టిన వెంటనే, అక్కడే నిలబడి, ఏది ఏదో అతన్ని అడిగి, పొట్లం మీద గుర్తు గీసేది. ఇంటికొచ్చాక గీద్దువులే అని నేను తొందరపెడితే, దారిలో రెండడుగులు వేసేసరికి చేతులు మారితే మరి అనేది.

రెండూ వేరువేరు గిన్నెల్లో వండేది. ఆడదానిది వేరే తీరుగా ఉడుకుతుందట. నాకు రెండూ కారంగానే ఉండేవి. ఒకసారి నేను కావాలనే గిన్నెలు మార్చి వడ్డించాను. ఏది ఆడదో చెప్పు చూద్దాం అన్నాను. నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, సైంటిస్టుల కంటే ఎక్కువసేపు ఆలోచించి తప్పు చెప్పింది. మా ఆయన కంచంలో చెయ్యి పెట్టుకునే నవ్వాడు. ఆమె కూడా నవ్వి, "నాలుకకు తెల్వది వదినె. కంటికి తెల్వది. గందుకే కదా అంత పెద్ద మిషన్ పెట్టుకున్నం" అంది. ఓడిపోయి కూడా పాఠం చెప్పగలిగిన మనిషిని నేను నా సర్వీసులో చూడలేదు.

ఆమె వచ్చిన మరుసటి ఏడాది మా ఆయనకు గుండెపోటు వచ్చింది. సినిమాల్లో వచ్చినట్టే వచ్చింది. పేపరు చదువుతూ ఛాతీ పట్టుకున్నాడు, ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు, చెమటలు కారాయి. వీధిలో చదువురానివాళ్ళకు కూడా అదేమిటో అర్థమైంది. ఐదు నిమిషాల్లో జీపు వచ్చింది, పదిమంది ఎత్తారు, ఒకతను ముందు బైకు మీద హారన్ కొడుతూ దారి చేశాడు. హైదరాబాదు చేరాడు, బతికాడు, ఇప్పటికీ నాకంటే ముందు పేపరు తీసుకుంటాడు.

ఆ దవాఖానలో పదిరోజులు ఆమే కూర్చుంది. గుండె కండ దెబ్బతింటే అందులో ఉండే ప్రోటీన్ ఒకటి నెత్తుట్లోకి కారుతుందని, దాన్ని కొలిచి దెబ్బ ఎంతో చెబుతారని డాక్టరు చెబితే, ఈమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే కొలతా అని అడిగింది. ఆయన చిరునవ్వుతో మీరు ఏం చేస్తారమ్మా అన్నాడు. మంచుబర్రెల కార్జం నూరేదాన్నని చెప్పింది. ఆయన ఇంకో పేషెంటును చూడడానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు వరండాలో టిఫిన్ డబ్బా విప్పుతూ నాతో అంది: "ఆడోళ్లకు గుండెనొప్పి గుండెల్నే రావాల్నని లేదట వదినె. దవడల రావచ్చు, వీపుల రావచ్చు. వాంతి లెక్క గూడ ఉండొచ్చు. మనోళ్లు గ్యాస్ అనుకుంటరట." నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. ఆడవాళ్ళకు ఏది మాత్రం రావాల్సిన చోటికి వచ్చింది గనక అన్నాను. ఆమె నవ్వింది. నేను ఇడ్లీ తిన్నాను.

అంటే నాకు తెలుసు. ఇది చదివేవాళ్ళు అది గుర్తుపెట్టుకోవాలి. తెలియక జరిగింది కాదు.

ఆ బుధవారం పొద్దున ఆమె లేవలేదు. చాయ్ పట్టుకెళితే, ఒళ్ళంతా నీరసంగా ఉంది, రాత్రి నుంచి దవడ కింద ఏదో పట్టినట్టుంది అంది. వీపు మధ్యలో నొప్పి. వాంతి వచ్చేట్టు ఉంది గానీ రాదు. వాము నీళ్ళు కాచి ఇచ్చాను. తాగింది, మంచి పేషెంటు. పదింటికి కూడా తగ్గకపోతే ఆటోలో బజారులో ఉన్న ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్ళాను. మా ఆయన తానూ వస్తానన్నాడు. గ్యాసుకు ముగ్గురెందుకని కూర్చోబెట్టాను.

కాంపౌండరు చీటీ ఇచ్చి రాయమన్నాడు. చదువుకున్నవాళ్ళు కనబడితే వాళ్ళకు అదొక సుఖం. పేరు, వయసు, ఊరు రాసి ఇచ్చాను. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. ఛాతీలో నొప్పి ఉందా అని అడిగాడు. లేదంది. ఎడమ చెయ్యి? లేదంది. దవడ సంగతీ వీపు సంగతీ చెప్పింది. ఈ రెండుమూడు రోజుల్లో ఏం తిన్నారని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను. "యాటకార్జం తిన్నది సార్. అదీ ఆడదానిదొకటి, మగదానిదొకటి. ఇద్దరికీ లోపల పడలేదేమో" అన్నాను.

నవ్వులు. డాక్టరు నవ్వాడు, కాంపౌండరు నవ్వాడు, బల్ల మీద పడుకున్న ఆమె కూడా ఒక చెయ్యి దవడ కింద పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతో గదిలో ఉన్నవాళ్ళందరికీ అది గ్యాస్ అయిపోయింది. ఇంజెక్షన్ ఇచ్చాడు, మాత్రలు రాశాడు. వయసైంది గనక ఈసీజీ ఒకటి తీద్దాం, కానీ కరెంటు లేదు, నాలుగింటికి వస్తుంది, అప్పుడు రండి అన్నాడు. సరే అన్నది ఎవరో కాదు, నేనే. మా ఆయన అక్కడ బల్ల మీద ఉంటే కరెంటు వచ్చేదాకా ఆగేదాన్నా? ఆగేదాన్ని కాదు. ఈ లెక్క నేను రోజూ వేస్తాను, ఎన్నిసార్లు వేసినా జవాబు మారదు.

తిరిగి వస్తూ ఆటోలో ఆమె కడ్డీని పట్టుకుని కూర్చుంది. బస్ డిపో దాటాక, నా వైపు చూడకుండా నెమ్మదిగా, "వదినె, గ్యాస్ గిట్ల ఉండదేమో" అంది.

"నువ్వు మంచుబర్రెల డాక్టరువు. మనుషుల డాక్టరు చెప్పిండు గద, ఇను" అన్నాను.

ఈసారి కూడా నవ్విందని రాయాలనుంది. నవ్వలేదు. తల ఊపింది, అంతే. నలభై ఐదేళ్ళలో ఆమె నాతో వాదించకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే. ఒంట్లో బాగాలేదనడానికి అంతకంటే పెద్ద గుర్తు ఉంటుందా? అదీ నాకు పట్టలేదు.

రెండింటికి ఆమె మొహం రంగు మారింది. చేతులు చల్లబడ్డాయి. అప్పుడు పరుగులు పెట్టాను. ఫోన్లు చేస్తే ఒకరు ఎత్తలేదు, ఒకరి బండి కల్హేర్‌లో ఉంది. చివరికి రెండు వీధుల అవతలివాళ్ళ కారు దొరికేసరికి మూడైంది. ఏమైందని ఎవరో అడిగితే ఏం చెప్పాలో తెలియక దవడనొప్పి అన్నాను. దవడనొప్పికి ఎవరూ హారన్ కొడుతూ ముందు బైకు నడపరు. కారులో ఆమె రెండు మాటలే అంది. ఒకటి నీళ్ళు. రెండోది, అన్న మాత్రలు సాయంత్రంవి బాణం డబ్బాలో ఉన్నాయి, ఎవరికైనా చెప్పు అని. ఫోను చేసి చెప్పాను. తిరిగి చూసేసరికి భుజం మీద తల పెట్టుకుంది.

సంగారెడ్డి దవాఖానలో పెద్దావిడ డాక్టరు ఒకరు నన్ను కూర్చోబెట్టి, ఏమేం అనిపించిందని చెప్పింది, ఎప్పటినుంచి అని ఒక్కొక్కటే అడిగింది. అన్నీ చెప్పాను. గుండేనమ్మా అంది. ఆడవాళ్ళలో చాలాసార్లు ఇలాగే వస్తుంది, పోల్చుకోవడం కష్టం అంది. తెలుసు, మా ఆడబిడ్డ చెప్పింది అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు నేను రాయలేను.

మా ఆయన ఏడవలేదు. సమాధి చేసి వచ్చాక నాలుగు రోజులు పేపరు ముందేసుకుని కూర్చున్నాడు గానీ పేజీ తిప్పలేదు. ఐదో రోజు, నేను చాయ్ గ్లాసు పెడుతుంటే, పేపరులోంచి తల ఎత్తకుండా అన్నాడు. "నాకైతే ఊరంత ఉరికిన్రు." పేపరు అంచు సరిచేశాడు. "చెల్లెకు ఒక్కలు ఉరకలే." నన్ను అన్నమాట కాదది. ఎవరినీ అన్నమాట కాదు. నన్నంటే బాగుండేది, జవాబు చెప్పడం నాకు అలవాటు. 

సంతాపం కోసం పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరు ఆమె దేవుని సృష్టిలోని రహస్యాలను పరిశోధించిందని చెప్పారు. అది కొంచెం పెద్ద మాటే. ఆమె నూరింది, కొలిచింది, కలపొద్దంది. ఆమె జీవితమంతా చెప్పింది ఆ ఒక్కటే, కలపొద్దని. నా మనుమరాలు నర్సింగ్ చదువుతోంది. అమ్మమ్మా, ఇంకా ముందు తీసుకెళ్ళినా ఏమయ్యేదో చెప్పలేం అంటుంది. మంచిపిల్ల. నాకు అబద్ధాలు దిద్దడం అలవాటు, అయినా దాన్ని మాత్రం దిద్దను.

తరువాత ఆమె థర్మాకోల్ డబ్బా తెరిచాను. ఆ అచ్చుపేజీ ఉంది, మంచుబర్రె ఫొటో ఉంది, అరిగిపోయిన పెన్సిలు ముక్కలు ఉన్నాయి. ఆమె చేతిసంచిలో మిగిలిన కాగితాలు కూడా అందులోనే పెడదామని సంచి దులిపితే దవాఖాన చీటీ పడింది. నా దస్తూరీ. పేరు గుండ్రంగా రాశాను. వయసు అరవై మూడు. ఊరు నారాయణఖేడ్. వయసు పక్కన ఆడా మగా అని ఒక గడి ఉంది. ఖాళీగా ఉంది. చీర కట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుంటే ఎవరు రాస్తారని వదిలేసి ఉంటాను. గడులు ఖాళీగా వదిలినందుకు ఎంతమంది పిల్లలకు మార్కులు కోశానో లెక్క లేదు. ఆ గడి నింపితే ఆమె బతికేదని కాదు, నేనంత అమాయకురాలిని కాను. చీటీని మడిచి, ఆ అచ్చుపేజీ ఉన్న కవర్లోనే పెట్టాను.

ఆమె పోయిన నెలన్నరకు, మొన్న ఆదివారం, చర్చి నుంచి ఒక్కదాన్నే వస్తూ కటిక దుకాణం ముందు ఆగాను. ఏం కావాలో చెప్పలేదు. అతను నన్ను చూసి, వరుసలో ఉన్నవాళ్ళను కాసేపు ఆపి, లోపలికి వెళ్ళి రెండు పావులు తూచి, పాత పేపర్లో విడివిడిగా కట్టి, దారం చుట్టి తెచ్చాడు. హైదరాబాదమ్మ పోయిందట గద అన్నాడు. అవునన్నాను. "పోతు కావాల్నని అందరు అడుగుతరు టీచరమ్మా. రెండోది అడిగిన మనిషి గామె ఒక్కతే" అన్నాడు. ఇంక అక్కడ నిలబడలేక, ఒక్కో చేతిలో ఒక్కో పొట్లం పట్టుకుని ఇంటికి వచ్చేశాను. దారిలో తాళంచెవి తీయడానికి రెండూ ఒక చేతిలోకి మార్చుకున్నాను.

వంటింటి బండ మీద వాటిని పక్కపక్కన పెట్టి, ఆమె డబ్బాలోంచి ఒక పెన్సిలు ముక్క తీశాక గుర్తొచ్చింది. ఏది ఏదో అతన్ని అడగలేదు.

దుకాణం ఎంతో దూరం లేదు. అడిగినా, కట్టిన తరువాత అతనికి మాత్రం ఏం తెలుస్తుంది. విప్పి చూస్తే కంటికి తెలియదు, వండి తింటే నాలుకకు తెలియదు. ఏం వండుతున్నవని బయటనుంచి మా ఆయన అడుగుతున్నాడు. నేను పెన్సిలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎదురుగా రెండు పొట్లాలు, ఒకే పేపరు, ఒకే దారం, రెండిటి అడుగునా కాగితం ఒకే తీరుగా తడిసి మెల్లమెల్లగా ఎరుపెక్కుతోంది.